విత్తనం కాయల ధ్యానం

ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 6.

చిన్నసుబ్బత్తకు, నమస్కారం పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి చివరికి పెడుతున్న మేనల్లుడు జయచంద్ర రాసేది.

జమ్మలమడుగులో నేను నడుపుతున్న ధ్యాన తరగతి నాశనమైంది. చేసింది నువ్వే. సొంత మేనత్త మీద ఇలా రాయాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మూడు నెలలు బస్సుల్లో తిరిగి, కరపత్రాలు పంచి, పాత బియ్యం గోదాములో పద్నాలుగు మందిని కూర్చోబెట్టాను. నిన్న ఆదివారం పొద్దున ఆరింటికి "శ్వాసను గమనించండి" అని చెప్పి కళ్లు మూసుకున్నాను. పావుగంటకు తెరిచి చూస్తే ఎదురుగా రెండు ప్రాణాలు మిగిలాయి. ఒకటి గోదాము కాపలాదారు. రెండోది అతని మేక.

మిగతావాళ్లంతా నీ వాకిట్లో ఉన్నారని ఆ కాపలాదారే చెప్పాడు. బంగారు అంగళ్ల వాళ్ల కోడలు గాయత్రమ్మ కూడా అక్కడే కూర్చుని శనక్కాయలు ఒలుస్తోందట. ఎవరూ మాట్లాడరట. ఒలవడం అయ్యాక సంగటి, గోగాకు పప్పు తిని ఇళ్లకు పోతారట. మనసును నిలపడానికి మనిషి కొండలెక్కాడు, గుహల్లో కూర్చున్నాడు. గంప ముందు కూర్చున్నవాడి గురించి ఎక్కడైనా విన్నావా? ఇది నా మీద దాడి కాదు, ఒక సిద్ధాంతం మీద దాడి.

ఈ నెల 19న పులివెందుల నుంచి మా అంతర్మౌన మండలి పెద్దాయన కృష్ణయ్య గారు తనిఖీకి వస్తున్నారు. పన్నెండు మంది కనపడకపోతే తరగతి రద్దు చేస్తారు, నాకు కప్పిన ఆచార్య శాలువా వెనక్కి తీసుకుంటారు. బట్టల అంగట్లో పొద్దంతా ఊళ్లోవాళ్ల భుజాల మీద శాలువాలు వేసి చూపిస్తాను. నా భుజం మీద పడింది అదొక్కటే. వాళ్లను వెంటనే వెనక్కి పంపు.

ధర్మాగ్రహంతో,
జయచంద్ర

తా.క. నలభై ఒక్క రోజులు ఫోన్ ముట్టనని దీక్ష పట్టాను. జవాబు ఇక్బాల్ ఆటోలో పంపు.

ఇంకో తా.క. ఆ పప్పులో ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, వేస్తున్నావా? మండలి దాన్ని నిషేధించింది.


జమ్మలమడుగు,
ఏప్రిల్ 8.

నాయనా జయచంద్రా, బాగుండావా. నేను చెప్తాంటే పక్కింటి తస్లీమా రాస్తాంది. డిగ్రీ చదివే పిల్ల, తప్పులు రాయదు.

నేనేం నాశనం చేయలేదప్పా. నువ్వు రమ్మంటే నీ గోదాముకు వచ్చినా. కండ్లు మూసుకోమంటివి. మూసుకుంటే మంద మీద తోడేలు పడినట్టే కనపడె. ముప్పై ఏండ్లు గొర్ల కాడ కండ్లు తెరుచుకొని బతికినదాన్ని, ఇప్పుడు యాడ మూసుకునేది. మోకాళ్లు కూడా ఒప్పుకోలా. ఇంటికొచ్చి గంప ముందర పెట్టుకొని శనక్కాయలు ఒలుస్తా కూర్చున్నా. కాయ నొక్కితే టప్పంటాది, గింజ చేతిలో పడ్తాది, ఇంగో కాయ. మనసు ఆడ్నే ఉండె, యాడికీ పోలా. ఆ మాట నీ తరగతికొచ్చే రాజమ్మకు చెప్పినా. నేను చేసిన తప్పు అదొక్కటే.

రాజమ్మ వచ్చె. మర్నాడు ఆయమ్మ ఎనకాల నలుగురు. ఇప్పుడు దినామూ పద్నాలుగు మంది. పొద్దున్నే వచ్చినోళ్లను ఉత్త కడుపుతో పంపేదెట్ల అని సంగటి కెలికి పెడ్తాండా.

ఇంగ నా బాధ విను. నేను మొదట ఒలిచింది ఇంట్లో తినేదానికి. ఆ గంప ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు వాళ్లు ఒలుస్తాండేది విత్తనం కాయలు. జూన్‌లో వాన పడినాక, విత్తే ముందర ఒలవాల. ఇప్పుడే ఒలిస్తే ఈ ఎండలకు గింజ చచ్చిపోతాది, మొలక రాదు. ఆరు మూటల్లో రెండు అయిపోయినాయి. మీ మామ మంద తోలుకొని కర్నూలు పక్కకు పోయినాడు. ఆయన తిరిగొచ్చే పొద్దుకు నాలుగెకరాల్లో ఏం విత్తాల? నీకు దండం పెడ్తా, వాళ్లను తోలుకొని పో.

ఇట్లు, నీ మేలు కోరే
చిన్నసుబ్బత్త

తా.క. ఎర్రగడ్డ వేస్తాండా. తెల్లగడ్డ కూడా వేస్తాండా.

తస్లీమా తా.క. అన్నా, ఇది నా సొంతంగా రాస్తున్నాను. నిన్న అత్త కోపమొచ్చి "లేచి పోండి" అని అరిచింది. గాయత్రమ్మ ఆ మాటను నోటుబుక్కులో రాసుకుంది. కింద అర్థం కూడా రాసింది: అహంకారం లేచి పోవాలి.


ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 10.

అత్తకు, అత్త అనే అనాలో మాతాజీ అనాలో తెలియని జయచంద్ర రాసేది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ దిగ్భ్రాంతి చెందాను. నువ్వింత లోతైన మనిషివని ఇన్నేళ్లూ మాకు తెలియనివ్వలేదు.

ముందే ఒలిస్తే మొలక రాదా? అంటే నా శిష్యులు ఇంకా పక్వానికి రాలేదు, నేను తొందరపడి వాళ్లను కూర్చోబెట్టాను, అంతే కదా నువ్వు చెప్పేది? ఇంత పెద్ద ఎత్తిపొడుపును గోనె మూటలో కట్టి పంపుతావా? ఆరు మూటలంటే కామక్రోధాది ఆరూ అని నాకు రెండోసారి చదివినప్పుడే అర్థమైంది. రెండు అయిపోయాయని గొప్పగా రాశావు. కామం సంగతి నాకు తెలియదు గానీ క్రోధం మాత్రం ఎక్కడికీ పోలేదు, నా దగ్గర నిండుగా ఉంది. నాలుగెకరాలు నాలుగు వేదాలే అయ్యుండాలి. మామ మందతో తిరిగి రావడం ఏమిటన్నది ఇంకా తేలలేదు.

ఉపమానాలతో అమాయకుల్ని లాగేసే దొంగ గురువుల మీద నా దగ్గర పదకొండు కరపత్రాలున్నాయి. అందుకే నీ ఉత్తరాన్ని సాక్ష్యంగా పులివెందులకు పంపించాను. కృష్ణయ్య గారు చదివి కంపించిపోయారని కబురు వచ్చింది. 19 దాకా ఆగరట, ముందే బయల్దేరి నీ సంగతి స్వయంగా తేలుస్తారట. జవాబు సిద్ధం చేసుకో.

సత్యం పక్షాన,
జయచంద్ర

తా.క. నీ ఉత్తరం తేవడానికి మీ ఇంటికి పోయిన ఇక్బాల్ మూడు గంటలు ఆలస్యంగా చేరాడు. చొక్కా నిండా శనక్కాయ పొట్టు. అక్కడ ఏం చూశావని గద్దిస్తే, "గట్టిగా మాట్లాడొద్దప్పా, లోపల ప్రశాంతంగా ఉండాది" అన్నాడు. ఆటోలో పాటలు కూడా ఆపేశాడు.


జమ్మలమడుగు,
ఏప్రిల్ 13.

రేయ్ జయచంద్రా, మీ అత్త చెప్పేది చెవులతో విను, బుర్రతో వినొద్దు.

నాలుగెకరాలంటే నాలుగెకరాలే. పాసుపుస్తకం ఉండాది, వచ్చి చూసుకో. మూటంటే గోనె మూట. మీ మామ అంటే మీ మామే, దాంట్లో ఏం తేల్చేది ఉండాది.

మీ పులివెందుల పెద్దాయన మొన్ననే దిగినాడు. నన్ను కొడ్తాడేమో అనుకున్నా. వచ్చీ రాగానే కాళ్లు మొక్కి, "అమ్మా, విత్తనం మాట చదివినప్పటినుంచి నిద్ర లేదు" అన్నాడు. నాకూ లేదు స్వామీ అంటి. దానికి కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. మూడు ముద్దల సంగటి తిని, రెండు దినాల్లో ఆయనొక్కడే అర మూట ఒలిచె. చెయ్యి శానా వాటం.

ఇప్పటికి అయిదు మూటలు పోయినాయి. ఆఖరుది గొర్ల దొడ్డిలో దాచిపెట్టినా. అదీ పోతే ఈ ఏడు మా సేను బీడు. బుధవారం నేను ఎర్రగుంట్లకు పోతాండా, ఎవరైనా విత్తనం కాయలు చేబదులుగా ఇస్తారేమో అడిగేదానికి. ఆ పొద్దుకైనా వచ్చి ఇల్లు కాపలా కాయి. నిన్ను ఇంగేమీ అడగను.

అత్త

తస్లీమా తా.క. అన్నా, అత్త నిన్నటినుంచి ఏమీ తినలేదు. వచ్చినవాళ్లకు వడ్డించి, పోయి దొడ్డిలో ఆ మూట పక్కన కూర్చుంటోంది. ఇది ఉపమానం కాదు.


ప్రొద్దుటూరు,
ఏప్రిల్ 16.

అత్తకు, ముఖం చూపించలేక ఉత్తరం రాస్తున్న జయచంద్ర.

తస్లీమా రాసిన ఆఖరి మాట చదివి గతుక్కుమన్నాను. నేను చదివిన కరపత్రాల్లో ఎక్కడా శనక్కాయ అంటే శనక్కాయే అని రాసి లేదు.

నిన్న బుధవారం పొద్దున్నే మీ ఇంటికి వచ్చాను. నువ్వు అప్పటికే బస్సెక్కావు. వాకిట్లో ఉన్నవాళ్లందరినీ పంపేసి గేటుకు గొళ్లెం పెట్టాను. కృష్ణయ్య గారు మాత్రం కదల్లేదు. ఇక్బాల్ నన్ను దింపి ఆటో తిప్పుకోలేదు. కాపలా గట్టిగా ఉండాలని దొడ్డిలో మూటను నా ముందర పెట్టుకొని కూర్చున్నాను. గింజ బాగుందో లేదో చూద్దామని ఒక కాయ నొక్కాను.

అత్తా, ఒక నిజం చెప్పాలి. తరగతిలో నేను ఏనాడూ శ్వాసను గమనించలేదు. కళ్లు మూసుకొని ఎవరు లేచిపోతున్నారా అని వింటూ కూర్చునేవాణ్ని. నిన్న మొదటిసారి ఏమీ వినలేదు. మధ్యలో ఆకలేసి కుండలో మిగిలిన సంగటి, శనక్కాయల పచ్చడి, అదే ఊరిమిండితో తిన్నాను. ఎర్రగడ్డ కొరుక్కున్నాను. అంత రుచిగా నేనెప్పుడూ ఏదీ తినలేదు. తిని మళ్లీ కూర్చున్నాను. తల ఎత్తేసరికి ఎండ వాలింది. ఎదురుగా కృష్ణయ్య గారు, పక్కన ఇక్బాల్, ముగ్గురి మధ్యా కుప్పగా పొట్టు. మూట ఖాళీ.

నేనే ఒలిచాను. కాపలా కాస్తూ ఒలిచాను. నువ్వు వచ్చే బస్సు శబ్దం విని గోడ దూకి పారిపోయింది కూడా నేనే.

తరగతి రద్దయింది. శాలువా మడతపెట్టి ఇచ్చేశాను, కృష్ణయ్య గారు కళ్లెత్తి చూడలేదు. ఆయన తమ్ముడు పులివెందుల దగ్గర బోరు కింద వేసిన కాయ ఈ వారమే పీకారట. రెండు మూటలు ఆయన తెస్తారు. గాయత్రమ్మ పుట్టింటివాళ్లు ఒకటిన్నర. మిగతాది రాజమ్మా వాళ్లూ, నేనూ, ఇక్బాల్ ఊళ్లమీద పడి పోగుచేస్తాం. ఒలిచిన గింజలు ఒలిచినవాళ్లే పంచుకుపోతారు, ఏడాదంతా ఊరిమిండి నూరుకోనీ. నువ్వు దయచేసి అన్నం తిను.

తలవంచి,
నీ జయచంద్ర

తా.క. ఈ సాయంత్రం పంచబోయే కరపత్రం: "చిన్నసుబ్బమ్మ గారి వాకిట్లో మనశ్శాంతి పొందినవారందరికీ. ఆమె విత్తనం మనమే పాడుచేశాం. ఈ నెల 19, ఆదివారం, ఉదయం సరిగ్గా ఆరు గంటలకు జమ్మలమడుగు పాత బియ్యం గోదాము దగ్గర, తలా ఇంత ఒలవని కాయతో చేరండి. మూటల మూతులు కుట్టుకొని రండి. దారిలో ఎవరూ ఒక్క కాయ కూడా నొక్కకూడదు."