రాఘవ పెట్టిన పంచె

రాయపూర్, 12 మార్చి 1978, ఆదివారం రాత్రి

నా భార్య శారద కర్మలు ఇవాళ్టితో ముగిశాయి. పుట్టింటి తరఫున ఆమె తమ్ముడు రాఘవ నాకు కొత్త పంచె పెట్టాడు. వంట గిన్నెలు మోయడానికి ఆరంగ్ దగ్గరున్న తన ఇటుకబట్టీ నుంచి బుధ్‌రామ్‌ను తీసుకొచ్చాడు.

భోజనాలయ్యాక బుధ్‌రామ్‌కు బూరెలు కట్టిచ్చి, భార్యకు కూడా పెట్టమన్నాను. తను తిరిగి వెళితేగాని ఆమెను ఉంచిన గది తాళం తియ్యరని హిందీలో మెల్లగా చెప్పాడు.

రాఘవ విని నవ్వాడు. "అడ్వాన్స్ తిని ఇద్దరూ పారిపోతే ఎవడు బాధ్యుడు, బావా? ఒకళ్లు బయటికెళితే ఇంకొకళ్లు జామీను. బట్టీలన్నిట్లో ఇంతే."

"అది బానిసత్వం రాఘవా. కలెక్టరాఫీసులో చెప్తాను."

"అమెరికా పాఠాలు కాలేజీలో చెప్పుకో. బట్టీలో కూలీల్ని కాసే మా మున్షీకి నా అంత ఓపిక లేదు. చెప్పావంటే నేనూ నీ గడప తొక్కను."

బానిసత్వం మీద ఆ దేశం రెండుగా చీలిందనీ, ఒకే ఇంటి అన్నదమ్ములు ఎదురెదురుగా తుపాకులు పట్టారనీ ఏటా క్లాసులో చెప్తాను. ఆ తుపాకులు పట్టే ముందురోజు రాత్రి వాళ్లకు ఎలా ఉండేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

గేటు కదిలితే ఉలిక్కిపడుతున్నాను. ఈలోగా ఆ దంపతులను ఇంకో బట్టీకి తరలించేస్తారేమో. రాఘవ నవ్వితే అచ్చం శారదే. ఆ నవ్వు కూడా ఇక ఈ ఇంట్లో...

రేపు పొద్దున ఈ పంచె మడిచి శారద పెట్టెలో పెట్టి, కలెక్టరాఫీసుకు వెళ్లి, బట్టీ యజమాని నా బావమరిదేనని చెప్తాను.