భయానికి పదికి ఎన్ని మార్కులు

హుస్సేనీ ఆలం,
12-6-76

అమ్మకు నమస్కారాలు. నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

మొన్న ఆస్పత్రిలో నెలవారీ పరీక్షకి వెళ్తే, కాలేజీ అమ్మాయి ఒకతె కాగితాలు పట్టుకొచ్చి, కాన్పంటే ఎంత భయమో పదికి మార్కులు వేసుకోమంది. పక్కన మీ అల్లుడుగారు ఉన్నారని నేను దర్జాగా రెండు వేశాను. మా వీధి కిరాణా కొట్టు నాగమణమ్మ కూడా వచ్చింది. ఆవిడకిది ఐదో కాన్పు. పదికి పదీ వేసింది.

"నలుగుర్ని కన్నావు కదా అక్కా, ఇంకా భయమేమిటి?" అన్నాను.

"నీకు తెల్వక రెండేసినవ్ చెల్లె. నాకు నాలుగుసార్లు తెలుసు" అంది.

నేను వెంటనే కాగితం వెనక్కి తీసుకుని, రెండు కొట్టేసి తొమ్మిది వేశాను. అది చూసి ఆయన బెంచీ మీద కూలబడ్డారు. పాపం ఆ అమ్మాయి ప్రశ్నలు ఆపి ఆయనకి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

పురిటికి నువ్వు రానక్కర్లేదని పోయిన కార్డులో రాశాను. ఆ మాట పట్టించుకోకు. ఈ నెలాఖరుకే బయలుదేరు. మెత్తటి పాత చీరలు, వాము తీసుకురా. తమ్ముడికి జ్వరం తగ్గిందా? మన గేదె ఈనిందా? తేలిగ్గానే ఈనిందా? ఆ సంగతి మాత్రం వివరంగా రాయి.

నాన్నగారికి నమస్కారాలు, తమ్ముడికి దీవెనలు.

నీ కూతురు
త్రిపురసుందరి