పదకొండింటికి గేటు దగ్గర

జంతు శరనాలయం కార్యదర్శిగారికి,

నమస్కారాలు. నిన్నటి పేపర్లో, అద్దె ఇళ్ళ ప్రకటనల పక్కన, మీరు వేయించిన కుక్క ఫోటో చూశాను. 'పదమూడేళ్ళ పెద్ద కుక్క, నెమ్మదస్తుడు, ఇల్లు కావాలి' అని రాశారు. నెమ్మదస్తుడన్న మాట దగ్గర టీ ఒలకబోసుకున్నాను. ఆయన్ని నేను బాగా ఎరుగుదును. ఎడమ చెవి కొస తెగి ఉంటుంది, చూడండి. పేరు దొరగారు. నా కుడి పిక్క మీద ఇప్పటికీ ఆయన పళ్ళ గుర్తులున్నాయి.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచి, రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు రోజూ ఆయనతో నాకు గొడవే. కాబట్టి ఆ కుక్కని ఇంకెవరికీ ఇవ్వకండి. నాకు అప్పగించండి. దాని సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
రిటైర్డ్ పోస్ట్‌మాన్

తా.క. ప్రకటనలో ఫోన్ నంబరు కూడా ఇచ్చారు గానీ నేను ఉత్తరమే రాస్తాను. మా వాళ్ళకి కాస్త పని ఉండాలి కదా.

*

అయ్యా,

మీ ఉత్తరం అందింది. ముందుగా ఒక మాట. 'శరణాలయం'లో ఉండేది ణ. మా బోర్డు మీద కూడా అలాగే ఉంది.

మీ పిక్కకు జరిగినదానికి సంస్థ తరఫున విచారిస్తున్నాను. అయితే ఆ గాయం కుక్క మా దగ్గరికి రాకముందుది కనుక మేము బాధ్యులం కాము. 'దాని సంగతి నేను చూసుకుంటాను' అన్న మీ వాక్యాన్ని కమిటీ ముందు చదివాను. అందరూ బెదిరింపుగానే తీసుకున్నారు. ఆ రోజు నుంచీ గేటు దగ్గర తోటమాలిని కాపలా పెట్టాం.

కక్ష తీర్చుకోవడానికి ఆ కుక్కలో ఇప్పుడేమీ మిగల్లేదని మనవి. రెండు చెవులూ వినపడవు. ఎడమ కంట్లో శుక్లం. గుండెకి పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. గుడ్డులో పెట్టి ఇస్తే గుడ్డు తిని మాత్ర పక్కన పెడుతుంది. పొద్దున్నే వెనక కాళ్ళు పట్టేస్తాయి, కాపడం పెడితే గానీ లేవలేదు. పళ్ళు నాలుగు. నెలాఖరులోగా ఇల్లు దొరక్కపోతే ఊరవతలి పెద్ద షెడ్డుకి పంపేయాలి. అక్కడ సిమెంటు నేల. వయసులో ఉన్న కుక్కల మధ్య దీని గిన్నె దీనికి దక్కదు. మీరు వెయ్యగల శిక్ష ఇంతకంటే పెద్దదేమీ ఉండదనుకుంటాను.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. పాత యజమాని నింపిన ఫారంలో పేరు 'దొరగారు' అనే ఉంది. కుక్కకి 'గారు' ఎందుకని ఆ రెండక్షరాలూ నేనే కొట్టేశాను.

*

అమ్మా కార్యదర్శిగారూ,

నమస్కారాలు. శరణాలయంలో ణ పెట్టాను, చూసుకోండి. ఇది బెదిరింపు కాదు.

చూసుకుంటానంటే బాగా చూసుకుంటానని తల్లీ. నాది ఒంటరి కాపురం. రెండు గదులు, గడప తప్ప మెట్టన్నది లేదు. పొద్దున్నే నా మోకాళ్ళకి నేనూ కాపడం పెట్టుకుంటాను, ఆ వేణ్ణీళ్ళు ఇద్దరికీ సరిపోతాయి. నాకూ బీపీ మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పళ్ళ విషయంలో మాత్రం ఆయన కంటే నేనే కాస్త నయం. నా దగ్గరికి పంపితే కడుపులో పెట్టుకుంటాను.

ఇక కక్ష అన్నారు కాబట్టి మొదటి రోజు సంగతి చెబుతాను. ఆ వీధి నాకు కొత్తగా వేశారు. పచ్చ గేటు ముందు సైకిలు ఆపి బెల్లు కొట్టాను. లోపల్నించి ఒకావిడ గొంతు, 'దొరగారూ, లోపలికి రండి' అంది. నన్నంత మర్యాదగా పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. గేటు తీసుకుని హుందాగా లోపలికి నడిచాను. ఆవిడ పిలిచింది కుక్కని. పళ్ళ గుర్తులు ఆనాటివే.

ఆవిడ కుట్టు టీచరు. చిరిగిన నా ఖాకీ పాంటు అప్పటికప్పుడు మిషను మీద కుట్టిచ్చారు. ఆ పావుగంటా నేను వరండాలో తువ్వాలు చుట్టుకుని, ఉత్తరాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా దొరగారు కాపలా. ఆ పాంటు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

ఇట్లు,
రిటైర్డ్ పోస్ట్‌మాన్

తా.క. టీచరుగారు ఎలా ఉన్నారు? ఆవిడ ఉండగా దొరగారు మీ దగ్గరికి రారు. ఊరికే అడుగుతున్నాను.

*

పోస్ట్‌మాన్‌గారికి,

'కడుపులో పెట్టుకుంటాను' అన్నచోట మా పశువైద్యుడుగారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆయన ఏ మాటనైనా ఉన్నదున్నట్టు అర్థం చేసుకునే మనిషి. మీరు కుక్కను తినరని నచ్చజెప్పేసరికి నాకు గంట పట్టింది. ఇకపై దయచేసి జాతీయాలు వాడకండి.

అది తేలింది గానీ అసలు చిక్కు వేరే ఉంది. పాత యజమాని నింపిన ఫారంలో ఎనిమిదో ప్రశ్న, 'దీనికి పడనివాళ్ళు ఎవరు?' జవాబు, 'ఉత్తరాలాయన ఒక్కరే.' పడనివారికి కుక్కను ఇవ్వడానికి మా నిబంధనలు ఒప్పుకోవు. లోకంలో ఇంతమంది ఉండగా ఆవిడ రాసింది మిమ్మల్ని ఒక్కరినే.

నా బెంగ ఇంకొకటి. వారం రోజులుగా అది సరిగా తినడం లేదు. పదో ప్రశ్న, 'అలవాట్లు' అన్నచోట 'పదకొండింటికి గేటు దగ్గర ఎదురు చూస్తుంది' అని ఉంది. ఇక్కడా అంతే. పొద్దున్నంతా పడుకుని, సరిగ్గా పదకొండింటికి వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ గేటు దాకా పోయి నిలబడుతుంది. పన్నెండింటికి తిరిగొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటుంది. టీచరుగారి కోసమేనని మేమంతా అనుకుంటున్నాం. ఆవిడ రాలేరు. ఆ సంగతి చెవిటి కుక్కకి ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి

తా.క. టీచరుగారు ఉన్నారు. తుంటి ఎముక విరిగాక చెల్లెలి ఇంటికి, మూడో అంతస్తుకి మారారు. కుక్క ఆ మెట్లు ఎక్కలేదు, ఆవిడ దిగలేరు. ఇంతకంటే చెప్పకూడదు. మీరు ఊరికే అడిగారు కాబట్టి నేనూ ఊరికే చెప్పాను.

*

అమ్మా,

మీ ఉత్తరం చదివాను. ఆయన ఎదురు చూసేది టీచరుగారి కోసం కాదమ్మా. పదకొండు నా టైము.

ఆ వీధికి నేను పదకొండింటికి చేరేవాణ్ణి. తొమ్మిదేళ్ళు, సెలవులు పోను. టీచరుగారికి వచ్చేది వారానికో కుట్టు పత్రిక, ఎప్పుడైనా చెల్లెలి ఉత్తరం. మిగతా రోజులు ఏమీ ఉండవు. ఉత్తరం లేని ఇంటి ముందు ఆగి, లేదని చెప్పి వెళ్ళాలని మా రూల్సులో ఎక్కడా లేదు. నేను ఆగేవాణ్ణి. దొరగారు గేటు మీదికి ఎగబడి అరిచేవారు. ఆవిడ బయటికొచ్చి ఆయన మెడపట్టీ పట్టుకుని 'కరవదులెండి' అనేవారు. కరిచేది. 'ఇవాళ ఏమీ లేవండి' అనేవాణ్ణి. 'సరేలెండి' అనేవారు. అంతే. ఈ తొమ్మిదేళ్ళలో మేం మాట్లాడుకున్నదంతా ఒక కార్డు మీద రాసినా ఇంకా చోటు మిగులుతుంది.

రిటైరయ్యాక మళ్ళీ అటు వెళ్ళలేదు. ఏమని వెళ్ళను? లేవని చెప్పడానికైనా ఉద్యోగం ఉండాలి కదా. ఈ రెండేళ్ళూ పదకొండయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోకి దూరేవి. సందు చివరిదాకా వెళ్ళి, నాకు పనేమీ లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాణ్ణి. ఆవిణ్ణి చూడాలని ఉండేది. ఆ కుక్క అరుపు వినాలని కూడా ఉండేది. ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు కూడా.

గురువారం పదకొండింటికి మీ గేటు దగ్గరికి వస్తాను. ఆ ఖాకీ పాంటే వేసుకొస్తాను. చెవులూ కన్నూ పోయినా ముక్కు ఉంటుంది కదా. కరిస్తే ఫిర్యాదు చెయ్యనని ఇందుమూలంగా రాసిస్తున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ పోస్ట్‌మాన్

తా.క. ఈ ఉత్తరం కమిటీలో చదవకండి. పశువైద్యుడుగారికి అసలే చూపించకండి.

*

అన్నయ్యగారికి,

నమస్కారాలు. గురువారం జరిగినది ఫైలు కోసం ఇలా రాశాను. సరిగ్గా ఉంటే సంతకం చేసి పంపండి.

'పదకొండుకి రెండు నిమిషాలు ఉండగా దరఖాస్తుదారు గేటు బయట నిలబడ్డారు. కుక్క లోపల ఉంది. గాలి దరఖాస్తుదారు వైపు నుంచి వీచింది. కుక్క ముక్కు పైకెత్తింది. ఇక్కడికి వచ్చిన నాలుగు నెలల్లో మొదటిసారి అరిచింది. తోటమాలి నీళ్ళ గొట్టం చేతిలోంచి వదిలేశాడు. గేటు తియ్యగానే కుక్క దరఖాస్తుదారు కుడి కాలి పాంటును, పాత కుట్టు ఉన్నచోటే, నోట పట్టుకుంది. పావుగంట వదల్లేదు. అంతసేపూ తోక ఆడుతూనే ఉంది. దరఖాస్తుదారు "ఇవాళ ఏమీ లేవండి" అని రెండుసార్లు అన్నారు. దరఖాస్తుదారు కళ్ళలో దుమ్ము పడింది. కార్యదర్శి కళ్ళలో కూడా పడింది. తర్వాత కుక్క రెండు గుడ్లు తిన్నది, మాత్రతో సహా.'

ఎనిమిదో ప్రశ్న సంగతి పశువైద్యుడుగారు తేల్చారు. పాంటు పరీక్షించి, 'దీన్ని పడకపోవడం అనరు' అని స్వయంగా రాసిచ్చారు. ఆదివారం వచ్చి దొరగారిని తీసుకెళ్ళండి. 'గారు' మళ్ళీ చేర్చాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అప్పగింత కాగితాల కోసం టీచరుగారు తన చేత్తో నింపిన అసలు ఫారం బయటికి తీశాను. ఇన్నాళ్ళూ మీకు నేను రాసింది నా శుద్ధప్రతిలోంచి. ఎక్కడైనా భాషాదోషం కనిపిస్తే దిద్దకుండా నా చెయ్యి ఊరుకోదు. పదో ప్రశ్నకి ఆవిడ రాసిన జవాబు 'ఎదురు చూస్తుంది' కాదు. 'పదకొండింటికి గేటు దగ్గర ఎదురు చూస్తాం' అని రాశారు. కుక్క ఒక్కటే కదా, ఈ 'చూస్తాం' ఏమిటని నేనే కొట్టేసి సరిచేశాను.

ఆవిడ ఆ ఫారం నింపేనాటికి మీరు రిటైరై ఏడాదిన్నర దాటింది. ఆవిడ వాక్యంలో తప్పేమీ లేదు. నన్ను క్షమించండి.

ఇట్లు,
మీ చెల్లెలు, కార్యదర్శి

తా.క. కుక్క క్షేమం గురించి కొత్త యజమాని నెలకోసారి పాత యజమానికి ఉత్తరం రాయాలి. ఇది నిబంధన పన్నెండు. పాత యజమాని చిరునామా మీకు చెప్పకూడదు. ఇది నిబంధన పదమూడు. అందుకని కవరు మీద చిరునామా నేనే రాసి, స్టాంపు అతికించడం మరిచిపోయి, ఇందులో పెట్టి పంపుతున్నాను. కవర్ల మీద ఉన్నది చదివే అలవాటు మీకుంటే అది నా పూచీ కాదు.

*

చెల్లెమ్మా,

ఆశీస్సులు. దొరగారు వచ్చి వారమైంది. నా ఖాకీ పాంటు ఇప్పుడు ఆయన పక్క. పొద్దున ఇద్దరం కాపడం పెట్టుకుని, మాత్రలు వేసుకుని, కాసేపు ఒకరి మీద ఒకరం విసుక్కుంటాం. పదకొండింటికి నేను బయటికి వెళ్ళి మా తలుపు నేనే కొడతాను. ఆయన అరుస్తారు. పక్కింటివాళ్ళు నాకు మతి పోయిందనుకుంటున్నారు. ఆయన గిన్నె మాత్రం ఖాళీ అవుతోంది.

నిబంధన పన్నెండు ప్రకారం ఉత్తరం రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు మోశాను గానీ, అందులో ఒక్కటీ నేను రాసింది కాదు. నాలుగు రోజులు కూర్చుంటే నాలుగు వాక్యాలు వచ్చాయి. దీంతో జత చేశాను. ఆవిడ టీచరు కాబట్టి తప్పులుంటే నా పరువు పోతుంది. ణలు, నలు అన్నీ చూసి దిద్ది పంపండి. చివరి వాక్యాన్ని మాత్రం ముట్టుకోకండి. 'పదకొండింటికి మీ గేటు దగ్గర ఎదురు చూస్తాం' అని రాశాను. దొరగారు, నేను.

కవరుకి స్టాంపు అక్కర్లేదు, పంచేది నేనే. మీ దిద్దుబాటు అందిన మర్నాడే ఇద్దరం రిక్షా కట్టించుకుని వెళ్తున్నాం. ఆయన మెట్లు ఎక్కలేరు, ఆవిడ దిగలేరు. ఫర్వాలేదు. తనెంత గట్టిగా అరుస్తున్నారో ఆ చెవిటి మనిషికి తెలియదు కాబట్టి, మూడో అంతస్తుకి సుఖంగా వినిపిస్తుంది. ఆవిడ కిటికీలోంచి 'కరవదులెండి' అంటే నాకు చాలు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. మూడు రోజులుగా అద్దం ముందు నిలబడి ఒక మాట అలవాటు చేసుకుంటున్నాను. తొమ్మిదేళ్ళు 'ఇవాళ ఏమీ లేవండి' అన్న నోరు, 'ఇవాళ ఒకటుందండి' అనడానికి తిరగడం లేదు.