నేను అద్భుతంగా ఉన్నాను!

జూన్ 3, సోమవారం. ఉదయం 5:40

ఈరోజు నుంచి నేను దిగులు పడను. అంతే. తేల్చేశాను!

శనివారం ఆఫీసులో కస్టమర్లు కూర్చునే కుర్చీ కింద ఒక పాత పత్రిక దొరికింది. 'ఇరవై ఒక్క రోజుల్లో ఆనందం: పది సూత్రాలు' అని ఉంది. కానీ ఐదే ఉన్నాయి. మిగతా సగం పేజీ ఎవరో చింపుకుపోయారు. పోనీలే, మనకు ఐదు చాలు.

ఒకటి: లేవగానే అద్దంలో చూసుకుని ఐదు నిమిషాలు నవ్వాలి.
రెండు: కష్టం, అలసట, అప్పు లాంటి మాటలు నోట రాకూడదు, చెవిన పడకూడదు.
మూడు: చుట్టూ ఆహ్లాదకరమైన రంగులుండాలి.
నాలుగు: ఎలా ఉన్నారని ఎవరడిగినా 'అద్భుతంగా ఉన్నాను!' అనాలి.
ఐదు: రోజుకు మూడు మంచి విషయాలు రాసుకోవాలి.

ఎందుకింత పట్టుదలంటే, పోయినేడాది వల్ల. మా ఆయన కొట్టు మూతపడ్డాక నేను రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాను. వంట లేదు, స్నానం లేదు, మాట అంతంతమాత్రం. మా అమ్మాయి బుజ్జికి అప్పుడు పదకొండేళ్ళు. తన జడ తనే వేసుకోవడం ఆ రెండు నెలల్లోనే నేర్చుకుంది. ఇప్పుడు ఆయన వేరే ఊళ్ళో పనిచేస్తూ నెలకోసారి వస్తున్నారు, నేను ఈ ఉద్యోగంలో చేరాను. డాక్టరమ్మ నెలనెలా వచ్చి కనబడమంది. రెండు నెలలుగా వెళ్ళలేదు. సెలవూ లేదు, ఫీజుకు డబ్బూ లేదు. సూత్రాలైతే ఉచితం!

(ఈ పేజీలోనే రెండో సూత్రం నాలుగుసార్లు తప్పాను. లెక్క రేపటి నుంచి.)

జూన్ 4, మంగళవారం. రాత్రి 8

అద్దం ముందు నవ్వు: ఐదు నిమిషాలు పూర్తి! బుజ్జి బ్రష్ నోట్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటమ్మా, పళ్ళు నొప్పా?"

"కాదు తల్లీ, ఆనందం."

వెళ్ళి నోరు కడుక్కుంది.

మా ఆఫీసంటే వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు బాగుచేసే సర్వీస్ సెంటర్. ఫోనెత్తాలి, ఫిర్యాదు రాసుకోవాలి, బోర్డు మీదికి ఎక్కించాలి. కౌంటరుకు వచ్చినవాళ్ళను సముదాయించాలి, బిల్లులు కొట్టాలి. ఇవన్నీ ఒకప్పుడు ముగ్గురు చేసేవారు. ఇద్దరు మానేశారు. ఆ ఇద్దరూ ఇప్పుడు నేనే!

ఇవాళ నలభై ఒక్క ఫోన్లు. ఒకావిడ, "మెషిను తిరగట్లేదు, నీళ్ళు పోవట్లేదు, తలుపు తెరుచుకోవట్లేదు" అని ఏకరువు పెట్టింది. "మంచి విషయం ఒకటి చెప్పండమ్మా" అన్నాను. ఏదో మీట నొక్కిన చప్పుడు. "లైటు వెలుగుతోంది" అంది. చూశారా!

మంచి విషయాలు: బస్సులో సీటు. మధ్యాహ్నం పావుగంట ఫోను పాడైంది. మూడోది రేపు రాస్తాను.

జూన్ 5, బుధవారం. రాత్రి 7:30

జీతం ఇంకో వారం ఆగాలట. మేనేజరు గారు చెప్పగానే "అద్భుతం!" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు నన్ను.

ఒక్కటే ఇబ్బంది. మా గోడ మీద పెద్ద తెల్ల బోర్డుంది. ఫిర్యాదులన్నీ అక్కడ ఎర్ర మార్కరుతో రాస్తాం. పని అయిపోయినవి మెకానిక్‌లు తుడిచేస్తారు. ఉదయాన్నే తలుపు తీయగానే ఆ ఇరవై ఏడు ఎర్ర గీతలు చూస్తే అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తోంది. మూడో సూత్రం గుర్తొచ్చింది. బస్సు డబ్బులతో ఆకుపచ్చ మార్కరు కొని ఇంటికి నడిచి వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి. (ఇది అలసట కాదు, వ్యాయామం.)

జూన్ 6, గురువారం. ఉదయం 11, ఆఫీసు నుంచి

అరగంట ముందొచ్చి బోర్డంతా తుడిచి ఆకుపచ్చతో తిరగరాశాను. ఆహా! కంటికి ఎంత చల్లగా ఉందో! పెద్ద మెకానిక్ అన్న వచ్చి, బోర్డు చూసి, "అబ్బో! అన్నీ ఒకేసారా!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. పొడుగు మెకానిక్ ఈల వేశాడు. ఏడు నెలల్లో వాళ్ళు ఈల వేయడం ఇదే మొదటిసారి. రంగుల మహిమ!

సాయంత్రం 6

ఇద్దరూ రోజంతా వెనక గోడౌనులో పాటలు పాడుతూ సామాన్లు సర్దారు. ఎవరి మొహంలోనూ చిరాకు లేదు. నా ఆనందం అందరికీ పాకుతోంది డైరీ!

జూన్ 7, శుక్రవారం. రాత్రి 8

ఫోన్లు మామూలు కంటే బాగా ఎక్కువ. "నిన్న వస్తామన్నారు, రాలేదు" అని చాలామంది అన్నారు. రెండో సూత్రం ప్రకారం ఆ మాటలు చెవిన పడనీయలేదు. కొత్తవి కూడా పచ్చగానే ఎక్కించాను. మెకానిక్‌లు మధ్యాహ్నం కునుకు తీశారు. పాపం, ఎన్నాళ్ళకు ఇంత ప్రశాంతత!

బుజ్జి అన్నం తినేటప్పుడు అడిగింది. "అమ్మా, నిజంగా బాగానే ఉన్నావా?"

"అద్భుతంగా ఉన్నాను!"

"ఊఁ" అంది. సగం అన్నం వదిలేసి లేచింది. ఎండలకు ఆకలి మందగించి ఉంటుంది.

జూన్ 8, శనివారం. సాయంత్రం 5

కొంప మునిగింది.

ఉదయం 9:10. ఒక పెద్దావిడ తడిబట్టల బకెట్టు తెచ్చి ధన్‌మని కౌంటరు మీద పెట్టింది. "రెండు రోజులు చూశాను. ఇదిగో, మీరే ఉతకండి."

9:25. ఇంకో నలుగురు. ఒకాయన ఫ్రిజ్‌లో కరిగిపోయినవన్నీ జాబితా రాసి తెచ్చాడు.

9:40. మేనేజరు గారు మెకానిక్‌లను పిలిచి గట్టిగా అరిచారు. పెద్ద మెకానిక్ అన్న బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "నన్నంటారేంటి సార్? పచ్చగా రాస్తే విడిభాగం రాలేదు, ఆగమని కదా అర్థం? ఇరవై ఏడింటికీ పార్టులు రాలేదని ఈ అక్క రాసింది. వచ్చేదాకా మేమేం చేస్తాం?"

ఇక్కడ ఎప్పటినుంచో అదే పద్ధతట. పచ్చ మార్కరు ఎండిపోయాక కొత్తది కొనలేదట. నేను చేరింది ఆ తర్వాత. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తప్పంతా నాదే. అయినా నోరు దానంతటది సాగి నవ్వుతూనే ఉంది. ఐదు రోజుల సాధన ఊరికే పోతుందా!

"నవ్వుతున్నారేంటండీ మీరు?" మేనేజరు గారి గొంతు బొంగురుపోయింది. "సోమవారానికి ఈ బోర్డు ఖాళీ కాకపోతే ఇంకో ఉద్యోగం చూసుకోండి."

పెద్దావిడ బట్టలు బాగుచేసిన మెషిన్లో వేసి ఉతికి ఇచ్చాను. ఒకటో సూత్రం, నాలుగో సూత్రం, అన్నీ కలిపి ఆ బకెట్టులోనే పోశాను. మూడు మంచి విషయాలట! ఒక్కటీ లేదు.

జూన్ 9, ఆదివారం. సాయంత్రం 6:30

ఉదయం ఏడు నుంచి ఇంటింటికీ తిరిగాం. నేను ముందు వెళ్ళి క్షమించమని అడగడం, వెనక మెకానిక్‌లు వెళ్ళి బాగుచేయడం. పెద్ద మెకానిక్ అన్న ఒక్క మాట కూడా అనలేదు. పైగా, "పోన్లే అక్కా, రెండు రోజులు నడుం వాల్చాం" అన్నాడు. బోర్డు మీద ఇంకా మూడే మిగిలాయి.

ఇంటికొచ్చేసరికి బుజ్జి గుడ్లు ఉడకబెట్టి పెట్టింది. "ఎలా జరిగిందమ్మా?" అంది.

"అద్భు..." అన్నాను. అంతే, మిగతా మాట రాలేదు. ఒక కాలికి చెప్పు ఉండగానే గుమ్మంలో కూలబడి భోరున ఏడ్చాను. అలిసిపోయానని, డబ్బుల్లేవని, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదని, మళ్ళీ అలా అయిపోతానేమోనని రోజూ పొద్దున్నే భయమేస్తోందని, అన్నీ కక్కేశాను. పన్నెండేళ్ళ పిల్ల ముందు! చెబుతూనే సిగ్గుపడ్డాను. అది ఎంత బెదిరిపోతుందోనని కొంగుతో మొహం దాచుకున్నాను.

బుజ్జి వచ్చి పక్కన కూర్చుంది. కొంగు లాగి నా మొహంలోకి చూసి, "హమ్మయ్య" అంది.

"హమ్మయ్యేంటే?"

"ఏడుస్తున్నావు కదా. పోయినేడాది పడుకున్నప్పుడు నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదమ్మా. నేనెప్పుడడిగినా 'బాగానే ఉన్నా' అనేదానివి. ఈ వారమంతా అలాగే అంటున్నావు. మళ్ళీ వచ్చేసిందేమోనని నాకు నిద్ర పట్టలేదు."

నేను దాన్ని భయపెట్టకూడదని నవ్వాను. అది నా నవ్వు చూసే వారం రోజులు భయపడింది. ఇంత తెలివితక్కువ అమ్మ ఇంకెక్కడైనా ఉంటుందా! దాన్ని పట్టుకుని ఇంకాస్త ఏడ్చాను. గుడ్లు చల్లారిపోయాయి. ఇద్దరం రెండేసి తిన్నాం.

జూన్ 10, సోమవారం. సాయంత్రం 7

కొత్త తీర్మానం. ఒకటో రోజు! సూత్రం ఒక్కటే: ఎలా ఉన్నావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఉదయం 9. మిగిలిన మూడూ మెకానిక్‌లు పొద్దున్నే పూర్తిచేశారు, బోర్డు ఖాళీ. మేనేజరు గారు దాన్ని చూసి, నన్ను చూసి, "ఏమండీ, ఎలా ఉన్నారు?" అన్నారు వెటకారంగా. చెప్పేశాను. "బాగాలేనండీ. ముగ్గురి పని ఒక్కదాన్ని చేయలేకపోతున్నాను. ఇంకో మనిషి కావాలి. గురువారం ఒక పూట సెలవు కావాలి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. సెలవు ఇచ్చారు. మనిషి సంగతి "చూస్తాను" అన్నారు. ఆయన చూస్తానంటే చూడరని అందరికీ తెలుసు. నేను రోజూ అడుగుతాను.

11:00. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఫీజు సంగతి మొహమాటపడుతూ చెప్పాను. "ముందు మీరు రండి, అది తర్వాత" అంది.

ఇప్పుడే బుజ్జికి కూడా ఈ సూత్రం వర్తిస్తుందని ప్రకటించాను. "చెప్పు, ఎలా ఉన్నావు?"

"బాగానే ఉన్నా."

అప్పుడు తట్టింది నాకు. రోజుకు నలభై మంది ఫిర్యాదులు వింటాను. ఏడాదిగా నా కూతురు నాకు ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. పన్నెండేళ్ళ పిల్ల!

"ఉన్నదున్నట్టు" అన్నాను.

చాలాసేపు చాప అంచు పీకింది. "చెప్పినా నీకేం కాదు కదా?"

"ఏం కాదు. బాధేస్తే వేస్తుంది. చెప్పు."

"బూట్లు కరుస్తున్నాయి."

"ఎప్పటినుంచి?"

"పోయిన పరీక్షలప్పటినుంచి."

బాధేసింది. బాధేసిందని చెప్పాను కూడా. అది నా మొహం పరీక్షగా చూసింది, నేను అక్కడే కూర్చుని ఉన్నాను. దాంతో ధైర్యం వచ్చినట్టుంది. లెక్కల టీచరు అరుస్తుంది. పక్క సీటు పిల్ల రబ్బరు తీసుకుని ఇవ్వదు. నాన్న ఎప్పుడూ తను పడుకున్నాకే ఫోన్ చేస్తారు. మూడు రోజులుగా కూరలో ఉప్పు లేదు. నేను జడ వేస్తే వదులుగా ఉంటుంది. ఆగదే! గొంతు పెరుగుతోంది, చేతులు తిప్పుతోంది, మధ్యలో కాలు కూడా నేలకేసి కొట్టింది. నోరు తెరుచుకుని వింటూ కూర్చున్నాను. నా పిల్లకు ఇంత గొంతుందని మర్చిపోయాను.

వంటింట్లోంచి మాడు వాసన.

"అన్నం కూడా మాడ్చావు! అది కూడా రాసుకో!" అంది.

రాసుకున్నాను.