అరవై ఎనిమిది మిట్టలు

జూలై 3, సోమవారం
యస్నా వాళ్ళమ్మ కోసం కొత్త కీబోర్డు తెచ్చింది. అక్షరం మీట కిందొకటి చొప్పున అరవై ఎనిమిది స్విచ్‌లు, ఒక్కొక్కటీ ఏరి తానే బిగించిందట. నా కూతురికి ఈ పిచ్చివాళ్ళ గుంపొకటి ఉంది. శనివారాలు వల్పరైసోలో ఒక కాఫీ కొట్లో చేరి, ఒకరి కీబోర్డు ఒకరు నొక్కి, కళ్ళు మూసుకుని వింటారు. ఇది విగ్రహారాధన అని ముఖం మీదే చెప్పాను. నాన్నా, విగ్రహాలు మాట్లాడవని నీ కీర్తనల్లోనే ఉందిగా, ఇవి మాట్లాడతాయి అంది.

జూలై 4
టొక్. టొక్. టొక్. ఆదివారం వీధిలో మెగాఫోను పట్టి చెప్పాల్సిన ప్రసంగం మొదటి వాక్యం దగ్గరే ఆగింది.

జూలై 5, బుధవారం, ఉదయం 11
కోపంలో అసలు సంగతి రాయలేదు. కీమో మార్చిలో అయిపోయింది. గడ్డ పోయింది, స్తోత్రం. దాంతోపాటు నా భార్య ఎడెల్మీరా వేలి కొసల్లో స్పర్శ కూడా పోయింది. చొక్కా గుండీ పెట్టుకోలేదు. పాత కీబోర్డు మీద అక్షరం పడిందో లేదో తెలియక ఒకటికి రెండుసార్లు నొక్కేది. కోర్టు వాంగ్మూలాలు విని టైపు చేసే ఉద్యోగం, ఇరవై ఆరేళ్ళది. పద్నాలుగున పరీక్ష: గంటలో ఆరు పేజీలు. తప్పితే ఆ కుర్చీ ఇంకొకరిది.

ఈ స్విచ్ నొక్కితే సగంలో చిన్న మిట్ట అడ్డుపడి, లొంగి, కిందికి జారుతుంది. వేలి కొసకి కాదు, ఇక్కడ తెలుస్తోంది అని నా వేలి కణుపు ముట్టి చూపించింది. ఒక్కో అక్షరానికీ ఒక గుమ్మం దాటినట్టుందయ్యా అంది.

ఆరు నెలల తర్వాత నవ్వింది.

జూలై 8, శనివారం
అరిచాను. బూరల మోతకి యెరికో గోడలు కూలడానికి ఏడు రోజులు పట్టింది, నన్ను నాలుగు రోజుల్లో కూల్చావు అన్నాను. నీ మెగాఫోనుతో ముప్పై ఏళ్ళు కాపురం చేశాను ప్రసంగీ, నేనెన్నిసార్లు కూలాలి అంది. అయినా మానేసింది. నేను ఇంట్లో ఉంటే ఇప్పుడు టైపు చెయ్యడం లేదు.

పరీక్షకి ఆరు రోజులు.

జూలై 11, మంగళవారం, సాయంత్రం 5
ఎడెల్మీరా తన చెల్లెలితో చెకప్‌కి ఆసుపత్రికి వెళ్ళింది. రాత్రికి అక్కడే. ఆమె వచ్చేసరికి కీబోర్డు చప్పుడు లేకుండా చేసి ఆశ్చర్యపరచాలనుకున్నాను. యస్నా డబ్బాలో గ్రీజు, సన్న కుంచె ఉన్నాయి. ఫోనులో వీడియో పెడితే ఒకడు గ్రీజు పూసి చూపించాడు, వాడి కీబోర్డు పిల్లిలా నడిచింది. రేవులో నలభై ఏళ్ళు క్రేన్లకి గ్రీజు పెట్టినవాణ్ణి, నాకొకడు నేర్పాలా? అరవై ఎనిమిదీ విప్పాను. ఒరుసుకునే చోటల్లా పెట్టాను. లోపలి ముక్కకి రెండు బుల్లి కాళ్ళున్నాయి, ఎక్కువ రాపిడి అక్కడే, వాటికి దండిగా పట్టించాను.

బిగించి నొక్కాను. వెన్నలో వేలు పెట్టినట్టుంది. చప్పుడే లేదు. కీర్తన పాడుకున్నాను.

జూలై 12, బుధవారం
ఎడెల్మీరా నొక్కింది. మళ్ళీ నొక్కింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఏమయ్యా, నా గుమ్మాలన్నీ ఏమైపోయాయి అని అడిగింది.

యస్నా వచ్చి ఒకటి విప్పి చూసి నెత్తి పట్టుకుంది. ఎంత పని చేశావు నాన్నా, మిట్ట పుట్టేదే ఆ కాళ్ళ దగ్గర, వాటికి గ్రీజు పెట్టకూడదని మా గుంపులో నిన్న చేరినవాడికి కూడా తెలుసు అంది. నేను చూసిన వీడియో మిట్ట లేని రకానిదట. శాంటియాగో నుంచి కొత్తవి సోమవారం గాని రావు. పరీక్ష శుక్రవారం.

దారిలో అడ్డురాయి ఉంటే తీసి పారెయ్యమని వీధివీధినా అరిచాను. ఒక మనిషి ఆ రాయి తగిలితేనే దారి తెలుసుకుంటుందని ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

ఆమె తిట్టలేదు. టీ పోసి, రొట్టెకి అవకాడో రాసి నా ముందు పెట్టింది. అదే భరించలేకపోతున్నాను.

జూలై 13, గురువారం
పొద్దుట్నుంచి ముగ్గురం. గ్రీజు పోవడానికి ముక్కల్ని ఆల్కహాలు సీసాలో వేసి ఊపడం, తువ్వాలు మీద ఆరబెట్టడం, మళ్ళీ బిగించడం. జిడ్డు మిగిలిందో లేదో నా కళ్ళకి ఆనలేదు. చూడకు నాన్నా, నొక్కు అంది యస్నా. కళ్ళు మూసుకున్నాను. చూపు పోయిన ముసలి ఇస్సాకు కొడుకు చేతులు తడిమినట్టు తడిమాను. పదో స్విచ్‌కో పదకొండో దానికో తగిలింది: అన్నంలో రాయిగింజ పంటికింద పడ్డంత. ఇంత చిన్నదా! ఇంత చిన్నదాని మీదా నేను యుద్ధం ప్రకటించింది!

నాన్న రెండు గంటలు నోరు మూసుకున్నాడమ్మా, అద్భుతం చూశావా అంది యస్నా. ఎడెల్మీరా పడీపడీ నవ్వింది.

అరవై ఆరు బతికాయి. రెండిటికి మిట్ట తిరిగి రాలేదు. మా స్పానిషులో కె, డబ్ల్యూ అరుదు కదా, వాటి కింద పెట్టేశాం.

జూలై 14, శుక్రవారం, 10:40
పరీక్ష గది బయట, బెంచీ మీద. లోపల తొమ్మిది మంది, ఎవరి కీబోర్డు వాళ్ళే తెచ్చుకున్నారు. ఆమె చప్పుడు నాకు తెలుస్తోంది, రేకుల మీద తొలి చినుకుల్లా. ఆగింది. ప్రభువా. ఇంకా ఆగే ఉంది. బైబిలు వాక్యం ఒక్కటీ గుర్తు రావడం లేదు.

టొక్.

మధ్యాహ్నం
సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు. బస్సులో నా చెయ్యి తీసుకుని నా కణుపుల మీద తన వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చింది. ఏం టైపు చేస్తున్నావే అని అడిగాను. నోరు మూసుకుని విను అంది.