మౌలాలి మామ ఫ్లెక్సీ

దానమ్మక్కకు, బావకు యేసోబు దండాలు. పిల్లలు మంచిగున్నరా? నీ మోకాళ్ల నొప్పి జర తగ్గిందా? నేను పూణెల మంచిగనే ఉన్న, పరేషాన్ గాకు. వారం సంది ఒకటే ముసురు. రేకుల షెడ్డుల పదిమందిమి పండుకుంటున్నం. రొట్టె దొరుకుతది గాని మన కారం లేదు. పుంటికూర తొక్కు చేసి పెట్టు. మంచిగనే ఉన్న.

ఫోన్ల చెప్తె ఏడుపొస్తదని రాస్తున్న. మౌలాలి మామ సంతాప సభ ఫోటో నువ్వు పంపినవ్ గదా, చూసిన. థూ! అంత ఫ్లెక్సీల మామ మొఖం ఓ మూలకు, మన ఊరి పెద్దమనుషుల మొఖాలు తాంబాలాలంత. "సేవామూర్తి" అంట! మామ పంచర్ దుకాణం మూసి పాత ఫ్లెక్సీలు ఏరుకొస్తుంటె "చెత్త సాయిబు" అని నవ్విందెవరు? గీళ్లే గదా! సిగ్గు శరం ఉంటె గద.

నేను గూడ తక్కువ తినలె. ఎలక్షన్లయినంక ఆ ఫ్లెక్సీలు విప్పుకొచ్చి, కడిగి, కురిసే గుడిసెల మీద మేమిద్దరమే కట్టేటోళ్లం. బస్టాండు దాటేదాక నేను మామకు పదడుగులు ఎనక నడిచేటోన్ని, ఎవరన్న చూస్తరని. దాటినంక మామ ఆగి, "రా అల్లుడా, ఇగ ఎవ్వరు లేరు" అనేటోడు. ఒక్కనాడు తిట్టలె. యాదికొస్తె నా మీద నాకే అసహ్యమైతది.

దవాఖానల పండుకొని గూడ ఫోన్ చేసిండు. "నర్సమ్మవ్వ గుడిసె కురుస్తుంది, జర వచ్చి కట్టిపో" అన్నడు. మేస్త్రి సెలవియ్యడు మామా అన్న. నేను అడగనే లేదక్కా.

సభ నాడు గూడ అవ్వ వాన నీళ్లకు గిన్నెలు పెట్టుకొని కూసుందని నువ్వే చెప్పినవ్. బిర్యాని తిని మూతులు తుడుసుకున్నరు గాని, ఒక్కడన్న ఆ దిక్కు చూసిండా? గీళ్లు పెద్దమనుషులు!

ఆ ఫ్లెక్సీ చౌరస్తాల నుంచి విప్పి ఇంట్ల పెట్టుండ్రి. ఎవడన్న అడ్డమొస్తె నా పేరు చెప్పు. ఎల్లుండి స్లాబు పడంగనే బస్సెక్కుత. అవ్వ గుడిసె మీద నేనే కడ్త. మామ ఎప్పుడూ మొఖాలు మీదికి పెట్టేటోడు, "లీడర్లను జర తడవనీ" అని. ఈసారి లోపలికే పెడ్త. పండుకుంటె అవ్వకు మామ కనవడాలె. పెద్దమనుషులు గూడ కనవడ్తరు, ఏం జేస్తం.

ఈ ఉత్తరం ఇయ్యాల్టి బస్సుల మనోళ్ల చేతికిస్తున్న. చిన్నాయినకు, పాస్టరయ్యకు నా దండాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యి.

మేస్త్రిని నిన్న అడిగిన. "పోయి రా" అన్నడు. ఇంకో మాట అనలె.

నీ తమ్ముడు,
యేసోబు