నాన్న కుడి చెయ్యి

అమ్మకు, ముందు ఈ మాట చదువుకో: నాన్న లేచి తిరుగుతున్నారు, తింటున్నారు. ఇంటి ఫోన్ మోగడం లేదు, పక్కింటి నంబరు నా దగ్గర లేదు, అందుకే కార్డు.

మొన్న సోమవారం నా గదిలో కుర్తాకు కొలతలు తీస్తుంటే నాన్న కుడి చేతిలోంచి టేపు జారిపోయింది. కొలత చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. కాసేపటికి అంతా సర్దుకుంది. ఆసుపత్రిలో పరీక్షలు చేసి, మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ నాళం పూడుకుపోతోంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు.

"స్కూలు యూనిఫాంలు కుట్టిచ్చేసి నెలాఖరుకి వస్తాను డాక్టరమ్మా. మెడలో టేపేసుకుని ముప్పై ఏళ్లు బతికినవాణ్ణి," అని నాన్న నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "చెయ్యి మళ్లీ పనిచేస్తోంది కాబట్టే ఇప్పుడు చెయ్యాలి. పెద్ద పక్షవాతం వచ్చే భయం ఈ రెండు వారాల్లోనే ఎక్కువ," అన్నారు.

ఆపరేషన్‌లోనూ ప్రమాదం ఉందట. అయినా ఆగడమంటేనే నాకు ఎక్కువ భయం. వచ్చే సోమవారం చేస్తామన్నారు, నాన్న ఇంకా ఊఁ అనలేదు. ఆయన గ్లాసు ఎత్తిన ప్రతిసారీ నా ప్రాణం ఆ చేతిమీదే ఉంటోంది.

కార్డు అందగానే ఆ యూనిఫాం గుడ్డలన్నీ కుట్టమని బాబాయికి అప్పగించి, పక్కింటి నుంచి నాన్నకు ఫోన్ చేసి చెప్పు. ఇంటి దగ్గర పని లేదంటేనే ఆగుతారు. చెల్లి దగ్గు తగ్గిందా? నీ బీపీ మాత్రలు మానకు. నాన్నమ్మకు దండాలు, ఇది మాత్రం చదివి వినిపించకు.

చిరునామా ఖాళీ కార్డుమీద నాన్న చేతే రాయించుకున్నాను. అక్షరాలు ఎంత కుదురుగా ఉన్నాయో చూసి నువ్వు ధైర్యపడతావేమో, పడకు. ఆ కుదురు చూసుకునే ఆయన ఇంటికి బయలుదేరతానంటున్నారు.

నీ పెద్దది